మానాల్సింది వంకాయ కాదమ్మా, ముక్కు చుక్కలు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు. కాకినాడలో ఉంటాం. జిల్లా పరిషత్ బడిలో టీచర్‌ని. ఆరేళ్లుగా పొద్దున మంచం దిగీ దిగకముందే తుమ్ములు మొదలవుతున్నాయి. వరసగా పది, పదిహేను. ముక్కు ధారగా కారుతుంది. కళ్లు, అంగిలి, చెవుల లోపల ఒకటే దురద. బడికి వెళ్లే వేళకి కాస్త సర్దుకుంటుంది. ఇల్లు ఊడ్చినా, బీరువాలోంచి పాత దుప్పటి తీసినా మళ్లీ మొదలు. రోజూ రాత్రి సెట్రిజిన్ వేసుకుంటున్నాను, మర్నాడు మూడో పీరియడ్ దాకా మత్తు వదలదు. ముక్కు దిబ్బడకి మందుల షాపులో ఇచ్చిన చుక్కలు ఏడాదిగా వాడుతున్నాను. అవి వేసుకోనిదే నిద్ర పట్టదు. రక్తపరీక్షలో ఈస్నోఫిల్స్ 8 శాతం ఉన్నాయన్నారు. ఇంకోచోట రెండు వందల పైచిలుకు పదార్థాలకు పరీక్ష చేసి పాలు, గుడ్డు, గోధుమ, వంకాయ, కందిపప్పు మానేయమన్నారు. నాలుగు నెలలుగా మానేశాను. బరువు తగ్గాను గానీ తుమ్ములు తగ్గలేదు. ఈఎన్‌టీ డాక్టరు ముక్కులో కొట్టుకునే స్ప్రే రాస్తే, అది స్టెరాయిడ్ అని తెలిసి పక్కన పెట్టేశాను. పొద్దున్నే తలస్నానం చేయడం వల్లే ఇదంతా అని మా అత్తయ్యగారు అంటారు. మా పాపకి ఏడేళ్లు, అదీ ఈమధ్య ముక్కు రుద్దుకుంటోంది. ఇది ఆస్తమాలోకి దిగుతుందా? శాశ్వతంగా పోయే మందు లేదా? – ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అమ్మా, మీరు మానేసినవి తిన్నప్పుడు ఎప్పుడైనా నిమిషాల్లో ఒంటి మీద దద్దుర్లు లేచాయా? పెదవులు వాచాయా? వాంతులో ఆయాసమో వచ్చాయా? మీ ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. అలాంటివేవీ లేకపోతే ఇవాళే పప్పు వండుకుని తినండి. పాలూ తాగండి, గుడ్డూ తినండి. పెద్దవాళ్లలో వేరే ఏ లక్షణమూ లేకుండా ఒట్టి తుమ్ములు, ముక్కు కారడం మాత్రమే తిండి వల్ల రావడం చాలా అరుదు. అందులోనూ మీకు వచ్చేది పక్క మీంచి లేస్తూనే. అప్పటికి మీరు ఏమీ తినను కూడా తినలేదు.

ఆ రిపోర్టు బయటికి తీసి, పైన ఐజీజీ అని ఉందేమో చూడండి. వందల పదార్థాల పేర్లు వరసగా రాసి, ఎర్ర గీతలతో ఇచ్చే రిపోర్టుల్లో చాలావరకు ఈ ఐజీజీనే కొలుస్తారు. ఒక పదార్థాన్ని మనం తరచూ తింటున్నామని, ఒళ్లు దాన్ని గుర్తుపట్టిందని చెప్పే యాంటీబాడీ, అంటే రక్తంలో ఉండే ఒక రక్షక ప్రోటీన్ ఇది. అలర్జీ ఉన్నట్టు కాదు. రోజూ పప్పన్నం తినే ఇంట్లో కందిపప్పు ఎర్ర గీతలో కనపడకపోతేనే ఆశ్చర్యం. అలర్జీ నడిపించేది ఐజీఈ అనే వేరే యాంటీబాడీ. అది ఎక్కువ ఉన్నట్టు తేలినా, ఆ పదార్థం తగిలినప్పుడు లక్షణాలు వస్తేనే అలర్జీ కింద లెక్క. నన్నడిగితే, ఈ జబ్బుకి జనం పెట్టే డబ్బులో చాలా భాగం ఇలాంటి పరీక్షలకే పోతోంది. వెంట్రుకల ముక్క పంపితే అలర్జీ చెబుతామనే వాళ్లు కూడా ఉన్నారు, అదైతే మాట్లాడుకోవడమే దండగ.

ఈస్నోఫిల్స్ 8 శాతం అంటే మామూలు కంటే ఓ రవ్వ ఎక్కువ, అంతే. మన దగ్గర ‘నీకు ఈస్నోఫీలియా ఉంది’ అని చెప్పి పంపేస్తారు, జనం దాన్నే జబ్బు పేరుగా మోస్తూ తిరుగుతారు. ఈస్నోఫిల్స్ అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు. అవి అలర్జీలో పెరుగుతాయి, కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి, గోదావరి జిల్లాల్లో ఎప్పట్నుంచో ఉన్న ఫైలేరియాలోనూ పెరుగుతాయి. శాతం కాకుండా వాటి అసలు సంఖ్య వేలల్లోకి వెళ్తే, రాత్రిళ్లు పొడి దగ్గు ఉంటే అప్పుడు గట్టిగా వెతకాలి. మీ అంకె ఏదీ తేల్చదు.

ఇంతకీ మీ జబ్బేమిటో మీ ఉత్తరమే చెబుతోంది. పడిశం అయితే వారం పది రోజుల్లో పోతుంది, ఒళ్లు నొప్పులో కాస్త జ్వరమో వెంట ఉంటాయి. అంగిలి, చెవులు, కళ్లు ఇంత దురద పెట్టవు. మీకు ఆరేళ్లుగా ఉంది, దురద ఉంది, నీళ్లలాంటి చీమిడి ఉంది, మంచం దగ్గర మొదలవుతోంది, పాత దుప్పట్లు తీస్తే తిరగబెడుతోంది. ఇది అలర్జిక్ రైనైటిస్, అంటే ముక్కు అలర్జీ. నేను మొట్టమొదట అనుమానించేది మీ పరుపుని.

పరుపులు, దిళ్లు, బొంతల్లో డస్ట్ మైట్లు అనే సూక్ష్మజీవులుంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, కంటికి ఆనదు. మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టే వాటి తిండి. నీళ్లు తాగవు, గాల్లో తేమనే పీల్చుకుని బతుకుతాయి. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో వాటికి ఏం లోటు చెప్పండి. అవి కుట్టవు. వాటి మలం ఎండి పొడై, మనం పక్క మీద అటూ ఇటూ దొర్లినప్పుడు లేచి ముక్కులోకి వెళ్తుంది, అలర్జీ దాని వల్లే. రాత్రంతా ఏడెనిమిది గంటలు ఆ దిండులో మొహం పెట్టుకుని పడుకుంటాం. పైగా ఈ జబ్బు చాలామందికి తెల్లవారుజామునే ముదురుతుంది. అత్తయ్యగారి అనుమానం వెనక ఉన్నది ఈ వేళే. తుమ్ములు వచ్చే టైమూ, తలస్నానం టైమూ ఒకటయ్యాయి. వాచి ఉన్న ముక్కుకి చన్నీళ్లు, ఏసీ గాలి, తాలింపు ఘాటు, అగరొత్తుల పొగ తగిలితే చిరాకు పెరిగే మాట నిజమే. అవి అలర్జీని పుట్టించవు. ఆవిడ మనసు కష్టపెట్టకుండా గోరువెచ్చటి నీళ్లు పోసుకోండి, గొడవ వదిలిపోతుంది.

ఇది చదువుతున్న మిగతావాళ్ల కోసం ఒక్క మాట. మీది ఏడాది పొడుగునా కాకుండా వానలు పడ్డాక, ఊరి బయట వయ్యారిభామ పూత మీదున్నప్పుడే వస్తుంటే, బయట తిరిగి వచ్చిన రోజునే ఎక్కువవుతుంటే, ఆ పుప్పొడిని అనుమానించాలి. ఇంట్లో గోడలు చెమ్మగిల్లి నల్లగా బూజు పట్టి ఉంటే ఆ బూజు, వంటింట్లో బొద్దింకలుంటే వాటి రెట్ట కూడా కారణాలే. ఏం తిన్నాను అని కాకుండా ఎక్కడ, ఎప్పుడు వస్తోంది అని ఓ రెండు వారాలు కాగితం మీద రాసుకుంటే చాలా పరీక్షల ఖర్చు తప్పుతుంది.

ఇప్పుడు మందుల సంగతి. ముక్కులో ఏం జరుగుతుందో తెలిస్తే సెట్రిజిన్ ఎందుకు సగమే పని చేస్తోందో అర్థమవుతుంది. ముక్కు లోపలి పొరలో మాస్ట్ కణాలుంటాయి, వాటి మీద ఐజీఈ అంటుకుని కూర్చుంటుంది. మైట్ పొడి తగలగానే ఆ కణాల్లోంచి హిస్టమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. నిమిషాల్లో దురద, తుమ్ములు, నీళ్లు. కథ అక్కడితో అయిపోదు. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత రెండో విడత మొదలవుతుంది. ఈస్నోఫిల్స్ వంటివి అక్కడికి చేరి పొరను వాచేలా చేస్తాయి, అప్పుడు దిబ్బడ పడుతుంది. అలా రోజూ వాచిన ముక్కుకి మర్నాడు ఇంకాస్త తక్కువ దుమ్ము తగిలినా చాలు, తుమ్ములు మొదలు. సెట్రిజిన్ హిస్టమిన్‌కి అడ్డం పడుతుంది, కాబట్టి తుమ్ములు, దురద తగ్గుతాయి. వాపు దానికి పెద్దగా లొంగదు. ఆ వాపు కోసమే మీ డాక్టరు స్ప్రే రాశారు. మీరు దాన్ని పక్కన పెట్టి, వాపుని చుక్కలతో నెట్టుకొస్తున్నారు.

నాకు అన్నిటికంటే టెన్షన్ పుట్టించింది ఆ చుక్కలే. సీసా మీద జైలోమెటజోలిన్ అనో, ఆక్సీమెటజోలిన్ అనో ఉంటుంది. ఇవి ముక్కులోని రక్తనాళాల్ని బిగించేస్తాయి, రెండు నిమిషాల్లో గాలి ఆడుతుంది. మందు దిగిపోగానే నాళాలు మునుపటి కంటే ఎక్కువ ఉబ్బుతాయి. మళ్లీ చుక్కలు. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు. పడిశానికి మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు వాడదగ్గ మందు ఇది. ఏడాదిగా వాడుతున్నారంటే మీ దిబ్బడలో చాలా భాగం ఇప్పుడు అలర్జీది కాదు, చుక్కలదే. బీపీ, గుండె జబ్బు, గ్లకోమా ఉన్నవాళ్లకి వేరే ప్రమాదాలూ ఉన్నాయి.

ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రాత్రులు నరకం చూస్తారు, నాలుగో రోజు మళ్లీ షాపుకి వెళ్తారు. అందుకే ముందు డాక్టరు రాసిన స్ప్రే మొదలుపెట్టండి. వారం పోయాక ఒక ముక్కు రంధ్రంలోనే చుక్కలు ఆపండి, రెండోదాంట్లో వేసుకోండి. ఆపినవైపు గాలి ఆడుతోందని నమ్మకం కుదిరాక రెండోవైపూ ఆపేయండి. కొన్ని వారాలు ఇబ్బంది ఉంటుంది, తలగడ కాస్త ఎత్తు పెట్టుకోండి. మీ డాక్టరుకి ఈ చుక్కల సంగతి తప్పకుండా చెప్పండి. చాలామంది చుక్కల్ని మందు కిందే లెక్కపెట్టరు, అడిగితే తప్ప చెప్పరు.

స్టెరాయిడ్ అంటే భయం సహజం. లెక్క చూడండి. ఫ్లుటికాసోన్ గానీ, మొమెటాసోన్ గానీ మామూలుగా దొరికే స్ప్రేలో ఒక్క నొక్కుకి 50 మైక్రోగ్రాములు వస్తుంది. రెండు వైపులా రెండేసి నొక్కులు కొట్టుకుంటే రోజుకి 200, అంటే మిల్లీగ్రాములో ఐదో వంతు. అందులో రక్తంలోకి చేరేది నూటికి రెండు వంతులు కూడా ఉండదు. ఒళ్లు ఉబ్బుతుందని, షుగర్ వస్తుందని, ఎముకలు గుల్లబారతాయని మీరు విన్నవన్నీ మాత్రలు, ఇంజెక్షన్ల రూపంలో చాలాకాలం వాడిన స్టెరాయిడ్ల గురించి. విచిత్రమేమిటంటే స్ప్రేకి భయపడే ఇళ్లలోనే ‘ఒక్క సూది వేయించుకుంటే ఆరు నెలలు హాయి’ అని నడుముకి ఇంజెక్షన్ పొడిపించుకుంటారు. పేరు లేని పొట్లంలో కట్టి ఇచ్చే చిన్న తెల్ల మాత్రలు మింగి ‘ఆ డాక్టరు చెయ్యి మంచిది’ అంటారు. అసలు స్టెరాయిడ్ దెబ్బ అక్కడ తగులుతుంది. ఎవరైనా మీకు అలా సూది వేస్తానంటే ఆ మందు పేరు చీటీ మీద రాసిమ్మనండి.

స్ప్రే పని చేయలేదని వచ్చేవాళ్లని నా ఎదురుగా ఒకసారి కొట్టుకోమంటాను. ఎక్కువమంది తల వెనక్కి వాల్చి, ముక్కు మధ్య గోడకి గురిపెట్టి నొక్కి, గుర్రుమని పీలుస్తారు. మందంతా గొంతులోకి జారిపోతుంది, చేదు తగులుతుంది. గోడకి మందు కొట్టీ కొట్టీ రక్తం కూడా కారుతుంది. ముందు ముక్కు చీదుకోండి. సీసా ఊపండి. తల కొంచెం కిందికి వంచి, కాలి బొటనవేళ్లు చూస్తున్నట్టు నిలబడండి. కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొట్టుకోండి. అప్పుడు సీసా మూతి దానంతటదే బయటివైపుకి, అదే పక్క చెవి వైపుకి తిరుగుతుంది. నొక్కేటప్పుడు మెల్లగా ఊపిరి తీసుకుంటే చాలు. పూర్తి గుణం కనపడటానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. రెండు రోజులు వాడి తుమ్ములు ఆగలేదని మానేయకండి. తుమ్ములు తగ్గాయని కూడా మానేయకండి. రోజూ ఒకే వేళకి, కనీసం నెల పదిహేను రోజులు వాడి, ఆ తర్వాత డోసు తగ్గించడం సంగతి డాక్టరుతో మాట్లాడండి.

మాత్ర విషయానికొస్తే, పాఠం చెప్పేవాళ్లకి సెట్రిజిన్ మత్తు ఇబ్బందే. మత్తు తక్కువగా ఉండే ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్, లొరాటడిన్ ఉన్నాయి, మార్చమని అడగండి. ఫెక్సోఫెనడిన్ పండ్ల రసంతో వేసుకుంటే సరిగా ఒంటబట్టదు, మంచినీళ్లతోనే వేసుకోవాలి. బిలాస్టిన్ ఖాళీ కడుపున. షాపుల్లో చాలా సులువుగా చేతిలో పెట్టేసే మాంటెలూకాస్ట్–లివోసెట్రిజిన్ మాత్రని మాత్రం చీటీ లేకుండా నెలల తరబడి వాడకండి. మాంటెలూకాస్ట్ వల్ల కొందరిలో పీడకలలు, దిగులు, చనిపోవాలనే ఆలోచనలు రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక పెట్టింది. అలర్జిక్ రైనైటిస్‌కి మిగతా మందులు పని చేయనప్పుడే వాడమంది.

ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం మంచిదే, జలనేతి అని మనవాళ్లు చేసేదే. స్ప్రేకి ఓ పావుగంట ముందు చేస్తే మందు బాగా పడుతుంది. అర లీటరు నీళ్లకి ఒక టీస్పూను కంటే కొంచెం తక్కువ ఉప్పు. ఆ నీళ్లు మరగకాచి చల్లార్చినవే అయి ఉండాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా ముక్కులోకి ఎక్కించకండి. అరుదే అయినా మెదడుని తినే అమీబా దారి అదే. కేరళలో ఈమధ్య వచ్చిన కేసుల గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు.

పరుపు సంగతి. మీ ఇంట్లో బూరుగు దూది పరుపో, పాత బొంతలో ఉంటే వాటిని ముందు పడగ్గదిలోంచి తీసేయండి. పరుపుకి, దిళ్లకి మైట్లు దాటలేని, జిప్పుతో మొత్తం మూసేసే కవర్లు దొరుకుతాయి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికించండి. చన్నీళ్లకి మైట్లు చావవు. ఎండలో వేయడం మంచిదే, తేమ పోతుంది, కొన్ని చస్తాయి. వాటి పొడి మాత్రం పరుపులోనే ఉంటుంది. దులిపేది మీరు కాకూడదు. సంక్రాంతికి బూజులు దులిపే పని ఈ ఏడు నుంచి మీవారికి అప్పగించండి. చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డ పెట్టి తుడిస్తే దుమ్ము లేవదు. ఇవన్నీ చేస్తే తుమ్ములు మాయమవుతాయని నేను చెప్పను. ఏ ఒక్కటో చేసి ఊరుకుంటే ఫలితం పెద్దగా కనపడదు. వేలు పోసి ఎయిర్ ప్యూరిఫయర్ కొనేముందు మాత్రం మంచం సంగతి చూడండి.

శాశ్వతంగా పోయే మందు లేదా అన్నారు. ఇంచుమించు అలాంటిది ఒకటుంది, ఓపిక కావాలి. ఏది పడదో దాన్నే కొద్దికొద్దిగా పెంచుతూ ఒంటికి అలవాటు చేయడం, దాన్ని ఇమ్యునోథెరపీ అంటారు. కొత్తదేం కాదు. లండన్‌లో లియొనార్డ్ నూన్ అనే డాక్టరు గడ్డి పుప్పొడితో దీన్ని చేసి 1911లోనే ప్రచురించాడు. ఇంజెక్షన్‌గా గానీ, నాలుక కింద చుక్కలుగా గానీ ఇస్తారు. మూడు నుంచి ఐదేళ్లు సాగాలి. ఆపేశాక కూడా ఏళ్ల తరబడి గుణం నిలబడే వైద్యం ఇదొక్కటే. మొదలుపెట్టే ముందు పడనిదేదో కచ్చితంగా తేలాలి, స్కిన్ ప్రిక్ టెస్ట్ అవసరం అప్పుడొస్తుంది. ముంజేతి మీద ఒక్కో పదార్థం చుక్క పెట్టి, దాని మీంచి చిన్న మొనతో చర్మాన్ని ఇంచుక గుచ్చుతారు. రక్తం కూడా రాదు. పావుగంట, ఇరవై నిమిషాల్లో పడనిదాని దగ్గర దోమ కుట్టినట్టు దద్దు లేస్తుంది. ఏమీ లేని ఉప్పునీటి చుక్కతో పోల్చి, దద్దు దానికంటే కనీసం 3 మిల్లీమీటర్లు పెద్దదైతేనే పాజిటివ్. పరీక్షకి వారం ముందు నుంచి సెట్రిజిన్ లాంటి మాత్రలు ఆపాలి, లేకపోతే ఏదీ లేవదు. మీ కథతో కలిసే ఒకటి రెండిటికి వైద్యం మొదలుపెట్టడం సరైన పద్ధతి. పాజిటివ్ వచ్చిన ఇరవయ్యీ కలిపి ఒకే సీసా చేసిస్తామంటే ఒప్పుకోకండి. ఇంజెక్షన్ అయితే ప్రతిసారీ అరగంట అక్కడే కూర్చోబెట్టాలి, ప్రాణం మీదికొచ్చే రియాక్షన్ అరుదుగానైనా రావచ్చు. మీకైతే ముందు స్ప్రే సరిగ్గా నెలన్నర వాడి చూడండి. సగం మందికి పైన ఆ దారిలో వెళ్లాల్సిన అవసరమే రాదు అని నా అనుభవం.

మీ ఉత్తరంలో లేని కొన్ని సంగతులు డాక్టరుకి చెప్పాల్సి రావచ్చు. ఎప్పుడూ ఒకే వైపు దిబ్బడ, ఒకే వైపు నీళ్లు కారడం, ఊరికే రక్తం రావడం, వాసన తెలియకపోవడం, ఇవేవి ఉన్నా అలర్జీ అని సరిపెట్టుకోకుండా ముక్కులో గొట్టం పెట్టి చూడమనండి. మధ్య గోడ వంకరో, పాలిప్‌లు అనే మెత్తటి కండ బుడిపెలో కనపడొచ్చు.

ఆస్తమా గురించి: ముక్కు, ఊపిరితిత్తులు ఒకే దారిలో ఉన్నవి. ముక్కు అలర్జీ ఉన్నవాళ్లందరికీ ఆస్తమా రాదు గానీ, మిగతావాళ్ల కంటే అవకాశం ఎక్కువే. రాత్రిళ్లు దగ్గుతో మెలకువ రావడం, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉండటం, ఊపిరిలో పిల్లికూతలు, వీటిలో ఏదున్నా ఊది చేసే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకోండి. ఇన్‌హేలర్ అవసరమైతే దాన్ని వాయిదా వేయకండి. మృగశిర కార్తెకి హైదరాబాద్ వెళ్లి చేప మందు మింగొచ్చేవాళ్లు మన కుటుంబాల్లో ఉంటారు. అది ఆస్తమాని తగ్గిస్తుందనడానికి ఆధారం లేదు. ఆ నమ్మకంతో ఇన్‌హేలర్ ఆపేసి ఆసుపత్రి పాలైనవాళ్లని చూశాను.

పాపని ఓ వారం గమనించండి. అరచేత్తో ముక్కుని కింది నుంచి పైకి తోస్తోందా, అలా తోసీ తోసీ ముక్కు మీద అడ్డంగా సన్నటి గీత పడిందా, కళ్ల కింద నల్లగా ఉందా, నోరు తెరిచి నిద్రపోతోందా, గురక పెడుతోందా? అయితే పిల్లల డాక్టరుకి గానీ, ఈఎన్‌టీకి గానీ చూపించండి. ముక్కు వెనక ఉబ్బే అడినాయిడ్స్ అనే కండ సంగతి, చెవి సంగతి కూడా వాళ్లు చూస్తారు, చెవిలో నీరు చేరి సరిగా వినపడకే పాఠంలో వెనకబడే పిల్లలుంటారని టీచరుగా మీకు తెలియంది కాదు. ఏడేళ్ల పిల్లలకీ వాడదగ్గ స్ప్రేలున్నాయి. డోసు తక్కువ, ఆరు నెలలకోసారి ఎత్తు కొలిపిస్తే సరి. మీ సెట్రిజిన్‌లో సగం విరిచి వేయడం, మీ చుక్కలు దాని ముక్కులో పోయడం మాత్రం వద్దు. ఒకే రంధ్రంలోంచి కంపు కొట్టే చీమిడి వస్తుంటే అది అలర్జీ కాదు, చింతగింజో పూసో దూర్చుకుని ఉంటుంది, ఆ రోజే తీసుకెళ్లండి.